ఏసీ మార్చే ముందు గాలి దారి చూడండి

మీది డల్లాస్ పక్కన ఫ్రిస్కో కావచ్చు, న్యూజెర్సీలో ఎడిసన్ కావచ్చు, అట్లాంటా శివారు కావచ్చు. అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న తెలుగువాళ్ల ఇళ్లలో ఈ మాటలు తరచూ వినిపిస్తాయి. "కింద చలేస్తోంది, పైన ఉక్కపోస్తోంది." "ఆ మూలగదిలో ఏసీ ఉందో లేదో తెలీదు." "అమ్మావాళ్లు వచ్చినప్పుడు గరాజ్ మీది గదిలో పడుకోబెడితే రాత్రంతా చలికి వణికారు." వెంట్ దగ్గర చెయ్యి పెడితే గాలి వస్తోందా లేదా అన్నట్టుంటుంది. కరెంటు బిల్లు మాత్రం తగ్గదు.

మరి మీరేం చేస్తున్నారు? థర్మోస్టాట్‌ను ఇంకో నాలుగు డిగ్రీలు దించుతున్నారా? చాలా ఇళ్లలో ఉండే ఏసీ ఒకే వేగంతో నడుస్తుంది. 72కి పెట్టినా 66కి పెట్టినా అది చల్లబరిచే వేగం ఒక్కటే. కాకపోతే ఎక్కువసేపు నడిచి ఎక్కువ కరెంటు తింటుంది. పోనీ, "మెషీన్ చిన్నదైనట్టుంది, పెద్దది వేయిద్దాం" అనుకుంటున్నారా? కాస్త ఆగండి. వేల డాలర్లు పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఉన్న మెషీన్‌కు కావలసినంత గాలి అందుతోందా?

మెషీన్ పని గాలిని చల్లబరచడం, లేదా వేడిచేయడం. ఆ గాలి ఇంట్లోంచే మెషీన్‌లోకి వెళ్లాలి, మళ్లీ ఇంట్లోకే రావాలి. కొబ్బరిబోండాంలో వేసిన స్ట్రాను మధ్యలో నొక్కిపట్టి పీల్చి చూడండి. బోండాం నిండా నీళ్లున్నా, ఎంత గట్టిగా పీల్చినా నోట్లోకి వచ్చేది గుక్కెడే. మూసుకుపోయిన ఫిల్టర్, నలిగిన డక్టు, వెంట్‌కు అడ్డంగా పెట్టిన సోఫా మెషీన్‌లో గాలిని నెట్టే బ్లోయర్‌ను అలాగే ఇబ్బంది పెడతాయి. ఈ అడ్డంకులన్నీ కలిపి గాలికి కలిగించే నిరోధాన్ని టెక్నీషియన్లు స్టాటిక్ ప్రెషర్‌గా కొలుస్తారు.

రెండే లెక్కలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఏసీకి టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. అంటే 3 టన్నుల ఏసీకి 1,200. రెండు, అవే డక్టుల్లోంచి రెట్టింపు గాలిని నెట్టాలంటే నిరోధం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 3 టన్నుల మెషీన్ తీసేసి అవే డక్టులకు 4 టన్నులది బిగిస్తే ఏమవుతుంది? మూడో వంతు గాలి అదనంగా కావాలి. నిరోధం దాదాపు 80 శాతం పెరుగుతుంది. దారి ఇరుకైనప్పుడు పెద్ద మెషీన్ సమస్యను తీర్చదు, పెంచుతుంది.

మీ ఇంట్లో గాలి ఆడటం లేదని ఎలా తెలుస్తుంది?

కింది వాటిలో మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో చూసుకోండి.

• బ్లోయర్ నడుస్తున్నప్పుడు గాలిని లోపలికి లాక్కునే పెద్ద గ్రిల్ దగ్గర ఈల వేసినట్టు శబ్దం.
• ఫిల్టర్ తీసి చూస్తే మధ్యలో లోపలికి వంగిపోయి ఉండటం.
• ఎండాకాలంలో లోపలి కాయిల్ మీద, రాగి గొట్టం మీద మంచు పేరుకోవడం.
• చలికాలంలో ఫర్నేస్ వెలిగిన కాసేపటికే మంట ఆగిపోవడం, ఫ్యాన్ తిరుగుతూనే ఉండటం, మళ్లీ వెలగడం.
• బెడ్‌రూమ్ తలుపు దానంతటదే మూసుకోవడం.

ఒక్కటి కనిపించినా కింది పనులు మొదలుపెట్టండి. మొదటివి మీరే చేసుకోగలిగినవి, ఫిల్టర్ ధర తప్ప పెద్దగా ఖర్చు లేనివి.

1. ఫిల్టర్‌ను నెలకోసారి తీసి చూడండి

మీరు చివరిసారి ఫిల్టర్ మార్చింది ఎప్పుడు? వెంటనే గుర్తురాకపోతే ఇప్పుడే లేచి చూడండి. నెలకోసారి చూడాలని, ఎంత శుభ్రంగా కనిపించినా 3 నెలలకు మించి ఉంచొద్దని ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ సలహా. మన ఇళ్లలో రోజూ తాలింపులు, వేపుళ్లు, అగరుబత్తులు, పండగలకు హోమాలు ఉంటాయి. నూనె ఆవిరి, పొగ ఫిల్టర్‌కు అంటుకుని దుమ్మును పట్టేస్తాయి. అందుకని పెట్టె మీద 90 రోజులని రాసి ఉన్నా, మన ఇంట్లో అంతకాలం ఆగుతుందని నమ్మకండి. మూసుకుపోయిన ఫిల్టర్ మార్చి కొత్తది పెడితే ఏసీ వాడే కరెంటు 5 నుంచి 15 శాతం తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

చేయాల్సింది ఇది. కొత్త ఫిల్టర్ అట్ట మీద మార్చిన తేదీ రాయండి. దాని మీదున్న బాణం గుర్తు మెషీన్ వైపు ఉండేలా పెట్టండి. తాలింపు పెట్టేటప్పుడు పొయ్యి మీది ఎగ్జాస్ట్ వేయండి. అది బయటికి పంపే రకమైతే నూనె ఆవిరి మీ ఫిల్టర్ దాకా రాకుండానే పోతుంది.

2. "ఎంత మెర్వ్ ఉంటే అంత మంచిది" అనుకోకండి

ఫిల్టర్ ఎంత సన్నని ధూళిని పడుతుందో చెప్పే కొలత మెర్వ్. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు హీటింగ్, కూలింగ్ ఇంజినీర్ల సంఘం అష్రే మెర్వ్ 13 వాడమంది. అయితే మీ సిస్టమ్ తట్టుకోగలిగితేనే అన్న షరతు కూడా పెట్టింది. చాలామంది ఆ షరతు వదిలేసి అంకె ఒక్కటే పట్టుకున్నారు.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. పాపకు ఎలర్జీ. తండ్రి వెళ్లి ఒక అంగుళం మందం ఫిల్టర్లలో ఖరీదైన మెర్వ్ 13 ఒకటి తెచ్చి పెట్టాడు. తర్వాతి నెల నుంచి పైగదులకు గాలి తగ్గింది. ఆయన చేసింది పాప మీద ప్రేమతోనే. కానీ ఒక అంగుళం మందంలో అంత సన్నని వల పెడితే గాలి పోవడానికి చోటు చాలదు. అదే మెర్వ్ 13ను 4 అంగుళాల మందంలో తీసుకుంటే మడతలు లోతుగా ఉంటాయి, వల వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది, గాలి సులువుగా పోతుంది. దానికి తగ్గ ఫిల్టర్ పెట్టెను మెషీన్ పక్కన అమర్చడం టెక్నీషియన్‌కు పెద్ద పని కాదు. అది కుదరకపోతే మెషీన్‌లో మెర్వ్ 8 ఉంచి, పాప గదిలో విడిగా హెపా ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టండి. రెండూ మంచి దారులే.

ఇంకో పొరపాటు కూడా సరిదిద్దుకోండి. కొన్ని ఇళ్లలో గోడ గ్రిల్‌లో ఒక ఫిల్టర్, మెషీన్ దగ్గర ఇంకోటి ఉంటాయి. రెండు ఉంటే గాలి రెట్టింపు శుభ్రం కాదు. అడ్డు మాత్రం పెరుగుతుంది. ఒకటి చాలు.

3. వాడని గదుల వెంట్లు మూసేయకండి

పిల్లలిద్దరూ కాలేజీకి వెళ్లిపోయారు. వాళ్ల గదులు, బేస్‌మెంట్, గెస్ట్ రూమ్ ఖాళీ. "అక్కడ ఏసీ ఎందుకు దండగ?" అని వెంట్లన్నీ మూసేశారు. లైటు ఆర్పితే కరెంటు ఆదా అవుతుంది కాబట్టి ఇదీ అంతే అనిపిస్తుంది. కానీ బ్లోయర్‌కు ఆ గదులు మూశారన్న సంగతి తెలియదు. అది మొత్తం ఇంటికి సరిపడా గాలిని నెట్టడానికే చూస్తుంది. దారులు తగ్గాయి కనుక డక్టులో ఒత్తిడి పెరుగుతుంది. డక్టు అతుకుల్లో ఉన్న ప్రతి సందులోంచీ గాలి ఆటిక్‌లోకి కారిపోతుంది. ఎండాకాలంలో కాయిల్ మీద మంచు గడ్డకట్టవచ్చు. చలికాలంలో ఫర్నేస్ లోపల వేడి పోయే దారిలేక, రక్షణ స్విచ్ మాటిమాటికీ మంట ఆపేయవచ్చు.

మూసిన వెంట్లన్నీ ఈ రోజే తెరవండి. మరీ చల్లగా ఉండే ఒక గదిలో వెంట్‌ను కాస్త మూయడం వరకూ ఫరవాలేదు. వరసబెట్టి మూయడం మాత్రం వద్దు. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ప్రతి ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ఇదే ఊపులో చూసుకోండి.

4. గాలి వెనక్కి వెళ్లే దారిని ఖాళీ చేయండి

గది చల్లబడకపోతే అందరం గాలి వచ్చే వెంట్‌నే చూస్తాం. గాలి వెనక్కి వెళ్లే రిటర్న్ గ్రిల్‌ను ఎవరు చూస్తారు? చాలా ఇళ్లలో అసలు చిక్కు అక్కడే ఉంటుంది. ఇండియా నుంచి తిరిగొచ్చిన పెద్ద సూట్‌కేసులు, బియ్యం బస్తా, చెప్పుల స్టాండు, సోఫా వీపు, ఇవన్నీ ఆ గ్రిల్‌కు ఆనించి పెట్టేస్తాం. నేల మీది వెంట్లపైన తివాచీ పరుస్తాం. ఒక్కసారి ఇల్లంతా తిరిగి, ప్రతి గ్రిల్ ముందూ కనీసం అడుగు జాగా వదలండి.

తర్వాత గ్రిల్ సరిపోయేంత పెద్దదో కాదో లెక్క కట్టండి. టన్నుకు 200 చదరపు అంగుళాల గ్రిల్ ఉండాలన్నది టెక్నీషియన్లు వాడే మోటు లెక్క. 20×20 అంగుళాల గ్రిల్ 400 చదరపు అంగుళాలు, అంటే 2 టన్నులకు సరిపోతుంది. మీ ఏసీ ఎన్ని టన్నులో తెలీదా? బయటున్న యూనిట్ మీది మోడల్ నంబర్ చదవండి. సాధారణంగా అందులో 24, 36, 48 లాంటి అంకె ఉంటుంది. దాన్ని 12తో భాగించండి. 36 ఉంటే 3 టన్నులు, కావలసిన గ్రిల్ 600 చదరపు అంగుళాలు. ఇల్లంతటికీ ఉన్నది ఒక్క 20×20 గ్రిల్ అయితే, ఇంకో రిటర్న్ వేయించడం కొత్త మెషీన్ కన్నా ఎంతో చవకైన మందు.

5. తలుపు మూసిన గదిని పరీక్షించండి

రాత్రి పిల్లల గది తలుపు మూస్తారు. లోపలికి గాలి వస్తుంది. బయటికి ఎలా పోతుంది? గదిలో రిటర్న్ లేకపోతే తలుపు కింది సందే దిక్కు. మందపాటి కార్పెట్ వేస్తే అదీ ఉండదు. గది గాలితో బిగుసుకుపోతుంది, కొత్త గాలి రావడం తగ్గిపోతుంది.

తలుపు మూసి, బ్లోయర్ నడుస్తుండగా కింది సందు దగ్గర టిష్యూ కాగితం పట్టుకోండి. అది హాలు వైపు గట్టిగా ఎగిరితే ఆ గదికి దారి కావాలని అర్థం. ముందు ఒక వారం తలుపు ఓరగా తెరిచి పడుకోమనండి. గది బాగుపడితే రోగం తెలిసిపోయినట్టే. అప్పుడు తలుపు అడుగు కాస్త కోయించడమో, గోడలో గ్రిల్ పెట్టించడమో, సీలింగ్ మీదుగా హాల్లోకి చిన్న డక్టు వేయించడమో చేయండి.

6. ఆటిక్‌లో డక్టుల మీద ఓ కన్నేయండి

ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఎక్కకండి. తెల్లవారుజామున, లేదా చలికాలంలో, మాస్కు పెట్టుకుని, టార్చి పట్టుకుని వెళ్లండి. చెక్క దూలాల మీదే అడుగు వేయాలి. మధ్యలో వేస్తే సీలింగ్ విరుగుతుంది. ఎక్కలేకపోతే ఫోన్ వీడియో తీసి చూపించమని టెక్నీషియన్‌నే అడగండి.

ఏం చూడాలి? ముడతలు పడే మెత్తటి డక్టు సాగదీసినట్టు తిన్నగా ఉండాలి. రెండు ఆధారాల మధ్య అడుగుకు అరంగుళం కన్నా ఎక్కువ కిందికి వేలాడకూడదు. మోచేయిలా మడత పడకూడదు. కావలసినదానికన్నా పొడవుగా ఉండి చుట్టలు చుట్టుకుని ఉంటే అదనపు ముక్క కోయించాలి. బొమ్మల కొలువు పెట్టెలు, దీపావళి లైట్ల డబ్బాలు డక్టు మీద పెట్టి ఉంటే ఇప్పుడే పక్కకు జరపండి. ఒక్క పెట్టె బరువుకు డక్టు నలిగి, కింద ఒక గది మొత్తం గాలి లేక ఉక్కిరిబిక్కిరి కావచ్చు.

అతుకుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. మామూలు ఇళ్లలో డక్టుల్లోంచి పోయే గాలిలో 20 నుంచి 30 శాతం కారిపోతోందని ఎనర్జీ స్టార్ అంచనా. సందుల్ని బూడిదరంగు గుడ్డ టేపుతో అతికించకండి. దాన్ని డక్ట్ టేప్ అనే పిలుస్తారు కానీ, వేడికి దాని జిగురు ఊడిపోతుంది. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 1998లోనే పరీక్షించి ఈ సంగతి తేల్చింది. మాస్టిక్ అనే చిక్కటి లేపనం పూయండి, లేదా లోహపు రేకు టేపు వాడండి.

7. బయటి యూనిట్‌కూ ఊపిరాడనివ్వండి

పెరట్లో బీర, సొర, దొండ పాదులు పెంచుకోవడం మనకెంతో ఇష్టం. కానీ ఏసీ యూనిట్ చుట్టూ కంచె కట్టి పాదు అల్లించకండి. చుట్టూ కనీసం 2 అడుగుల జాగా కావాలి. ఏడాదికోసారి, వేసవికి ముందు, పక్కనే ఉండే పవర్ స్విచ్ ఆపేసి తోటకు నీళ్లు పెట్టే పైపుతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ వాడితే సన్నని రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

8. టెక్నీషియన్‌ను ఒక అంకె అడగండి

ఇంతవరకూ చేసినా గది దారికి రాలేదా? అప్పుడు పిలవండి. "ఏసీ సరిగ్గా లేదు, చూడండి" అని కాకుండా ఇలా అడగండి: "మా సిస్టమ్ టోటల్ ఎక్స్‌టర్నల్ స్టాటిక్ ప్రెషర్ కొలిచి చెప్పండి. మెషీన్ మీద రాసున్న గరిష్ఠ అంకె ఎంతో కూడా చూపించండి." ఇళ్లలో వాడే చాలా మెషీన్ల మీద ఆ అంకె, నీటి మట్టం ఎత్తులో చెప్పే ఒత్తిడిగా, 0.5 అంగుళాలు ఉంటుంది. మానోమీటర్ ఉన్న మనిషికి ఇది కొద్ది నిమిషాల పని.

ఉదాహరణకు మీ ఇంట్లో 0.9 వచ్చిందనుకోండి. అక్కడితో వదలకండి. "ఇందులో రిటర్న్ వైపు ఎంత, సప్లై వైపు ఎంత, ఫిల్టర్ ఎంత, కాయిల్ ఎంత?" అని అడగండి. రిటర్న్ వైపే ఎక్కువుంటే గ్రిల్ పెంచాలి. ఫిల్టర్ దగ్గర ఎక్కువుంటే మందం పెంచాలి. కాయిల్ దగ్గర ఎక్కువుంటే అది శుభ్రం చేయాలి. ఏ డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ అంకెలే చెబుతాయి. కొలవకుండానే "కొత్తది వేసుకోండి" అనే వాళ్లకు మర్యాదగా వద్దని చెప్పి ఇంకొకరిని పిలవండి. నిజంగానే కొత్తది కావాలంటే, ఇంటికి ఎంత చల్లదనం కావాలో చెప్పే మాన్యువల్ జె లెక్క, డక్టుల కొలతలు చెప్పే మాన్యువల్ డి లెక్క రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ పొరపాట్లు చేయకండి

• మంచు కట్టిన కాయిల్‌ను కత్తితో గీకడం. కూలింగ్ ఆపి, ఫ్యాన్ మాత్రం ఆన్‌లో పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. ఫిల్టర్ మార్చినా మళ్లీ మంచు కడితే ఏసీలో గ్యాస్ తగ్గి ఉండవచ్చు, టెక్నీషియన్‌ను పిలవండి.
• కూపన్ వచ్చిందని డక్టులు కడిగించడం. అవసరం ఉంటే తప్ప ఏటా చేయించక్కర్లేదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మాట. ఎంత కడిగినా ఇరుకు డక్టు వెడల్పు కాదు.
• "కొత్తరకం మోటారు ఉందిగా" అని నిశ్చింతగా ఉండటం. పాతరకం మోటారైతే అడ్డు పెరిగేకొద్దీ గాలి తగ్గిస్తుంది. కొత్త ఈసీఎం మోటారు గాలి తగ్గకుండా ఇంకా గట్టిగా తిరుగుతుంది. ఇంట్లో తేడా తెలియదు, బిల్లులో తెలుస్తుంది.

మీరు చేసింది పనిచేసిందా?

చిన్న థర్మామీటర్ తీసుకోండి. ఏసీ పావుగంట నడిచాక రిటర్న్ గ్రిల్ దగ్గర, ఆ తర్వాత మెషీన్‌కు దగ్గర్లోని వెంట్ దగ్గర కొలవండి. తేడా సుమారు 15 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే బాగున్నట్టు. 22, 24 దాటితే మెషీన్ మీదుగా గాలి ఇంకా తక్కువగానే పోతోందని అనుమానించండి. 15 కన్నా బాగా తక్కువుంటే చిక్కు గాలిది కాకపోవచ్చు. గ్యాస్, కాయిల్, కంప్రెసర్ చూపించుకోవాలి. తేడా బాగానే ఉండి పైగది మాత్రమే వేడిగా ఉంటే ఆ గదికి వెళ్లే డక్టును, ఆటిక్ ఇన్సులేషన్‌ను చూడండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు ఇందులో కొంత చెప్పండి. వాళ్ల స్ప్లిట్ ఏసీకి డక్టులు ఉండవు, కానీ సూత్రం ఇదే. వేసవిలో రెండు వారాలకోసారి ముందు మూత తీసి జాలీ కడగాలి. ఏసీ ముందు కర్టెన్ గానీ బీరువా గానీ ఉండకూడదు. బయటి యూనిట్‌ను నాలుగు వైపులా మూసిన బాల్కనీలో పెడితే అది వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది.

ఈ శనివారం ఒక గంట కేటాయించండి. ఫిల్టర్ మార్చండి, మూసిన వెంట్లు తెరవండి, రిటర్న్ గ్రిల్ ముందున్న సామాను తీయండి, తలుపు కింద టిష్యూ పరీక్ష చేయండి. ఈ నాలుగింటికీ ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, ఫిల్టర్ ధర తప్ప ఖర్చూ లేదు. గదిలో తేడా కనిపిస్తే సంతోషం. కనిపించకపోతే స్టాటిక్ ప్రెషర్ కొలిపించండి. ఆ అంకె చేతికి వచ్చేదాకా కొత్త మెషీన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.